చదువు రానివాని వాంగ్మూలం

కిందటి శీతాకాలంలో ఒక శుక్రవారం మనామాలో మిత్రుల గదిలో కూర్చుని ‘టెన్ రిల్లింగ్టన్ ప్లేస్’ అనే ఆంగ్ల చిత్రం చూశాము. రిచర్డ్ ఫ్లైషర్ 1971లో తీసిన చిత్రం. బహ్రెయిన్ బ్రిటిషు రక్షణ నుండి బయటపడినదీ ఆ ఏడే. మారిషస్‌లో యౌవనంలో చూసినప్పుడు ఇది మాకు హంతకుని కథ. ఇప్పుడు ఉరికంబమెక్కిన వాని కథగా కనిపించింది.

కథ నిజంగా జరిగినదే. తిమోతీ ఎవాన్స్ వేల్స్ నుండి లండన్ చేరిన వ్యాను డ్రైవరు. చదువు దాదాపు రాదు. 1949లో అతని భార్య బెరిల్, 13 నెలల పాప జెరాల్డీన్ హత్యకు గురయ్యారు. పోలీసులకు అతడు ఒకదానికొకటి పొసగని వాంగ్మూలాలిచ్చాడు. కొన్నిటిలో నేరం ఒప్పుకొన్నాడు. పాపను చంపాడన్న నేరంపై 1950 మార్చి 9న ఉరితీశారు. అతనిపై ముఖ్య సాక్షి క్రింది వాటాలో కాపురముండే క్రిస్టీ. 1953లో అదే ఇంట్లో మరికొన్ని శవాలు బయటపడ్డాయి, క్రిస్టీనీ ఉరితీశారు. ఎవాన్స్‌కు క్షమాపణ 1966లో వచ్చింది. ఎవరికి వచ్చినట్లు?

క్రిస్టీగా రిచర్డ్ అటెన్‌బరో గొంతు పెంచడు. ఆ గుసగుసకే ఒళ్లు జలదరిస్తుంది. అయినా మా మనసులో నిలిచినవాడు ఎవాన్స్ వేషం వేసిన జాన్ హర్ట్. క్రిస్టీ వైద్య పుస్తకం తెరిచి చూపుతాడు. ఎవాన్స్‌కు అక్షరం తెలియదు, తెలియదని చెప్పుకోవడానికి సిగ్గు. తెలిసినవానిలా తల ఊపుతాడు. ముప్పై ఏళ్లు బడిపిల్లల ముందు నిలబడిన మాకు ఆ తల ఊపడం బాగా తెలుసు. మొత్తం చిత్రంలో ఇదే గొప్ప ఘట్టమని మా అభిప్రాయం.

లోపమూ ఉంది. లుడోవిక్ కెనెడీ పుస్తకాన్ని అనుసరించి చిత్రం మొదటినుండీ సందేహానికి తావివ్వదు. 1966 నాటి బ్రాబిన్ విచారణ మాత్రం పాపను ఎవాన్స్ చంపలేదనీ, భార్యను చంపి ఉండవచ్చుననీ చెప్పింది. ఇద్దరినీ అతడు చంపలేదని న్యాయమూర్తులు అంగీకరించడానికి 2004 వరకు పట్టింది. ఆ సందేహం కూడా తెరమీదికి వచ్చి ఉంటే ఉరి ఇంకా భయంకరంగా కనిపించేది.

ఈ గడ్డమీద కూర్చుని ఇది పాతకాలపు ఇంగ్లండు సంగతి అనుకోలేము. 2017 జనవరి 15న ఇక్కడ ముగ్గురిని కాల్చి మరణశిక్ష అమలు చేశారు. వారిలో అబ్బాస్ అల్ సమీ మావలెనే ఉపాధ్యాయుడు. చిత్రహింసలు పెట్టి ఒప్పించారని వారన్నారు, ప్రభుత్వం కాదంది. ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధి ఆగ్నెస్ కలమార్ మాత్రం అవి న్యాయబాహ్యమైన హత్యలని బాహాటంగా చెప్పారు. మన మారిషస్ 1995లోనే మరణశిక్షను రద్దు చేసింది.

మాతో చిత్రం చూసిన వారిలో కరీంనగర్ వైపు నుండి కూలికి వచ్చిన కుర్రవాడొకడు ఉన్నాడు. ఇంగ్లీషు రాదు, పక్కన కూర్చుని మేము చెబుతూ వచ్చాము. పోలీసు స్టేషను ఘట్టం దగ్గర ఆపమన్నాడు.

“సార్, చదువు రాకుంటే ఆ కాయితం మీద సంతకం ఎట్ల పెట్టిండు?”

“చదివి వినిపించామని వాళ్లంటారు నాయనా.”

“నేను గూడ అట్లనే పెట్టిన సార్.”

ఓడ ఎక్కేముందు మన ముత్తాతలు ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో మనలో ఎందరికి తెలుసు? అతడు లేచి పెట్టెలోంచి తన ఒప్పందం తెచ్చాడు. ఒక పక్క అరబ్బీ, ఒక పక్క ఇంగ్లీషు. చిత్రంలో మిగిలిన భాగం మరునాటికి వాయిదా వేసి, వరుస వరుసగా తెలుగులో చెప్పి వినిపించాము.