కాల్చిన వంకాయ తొక్కు

నల్లగొండ, పాలమూరు ఇండ్లల్లో జొన్న రొట్టెకు జోడు ఏదంటే కాల్చిన వంకాయ తొక్కే అంటాను. బెంగాలీలు ఆవనూనెతో మెదుపుకునే బేగున్ పోడా కూడా ఇట్లాంటిదే. మనకు మాత్రం చింతపండు పులుపు పడాలి.

పనితనమంతా కాల్చడంలో ఉంది. పుచ్చులేని లావు కాయకు నూనె రాసి, గాట్లు పెట్టి, మంట తగ్గిన నిప్పుల మీద తిప్పుతుండాలి. గాటు లేకుంటే లోపలి ఆవిరికి కాయ పగులుతుంది. తొక్క నల్లబడ్డా సరే, తొడిమ దగ్గర గట్టిగుంటే ఇంకా కాలనట్టే. మా పెద్దమ్మలు వేలితో ఒక్క నొక్కు నొక్కి చెప్పేస్తారు, ఆ నేర్పుకు దండం పెట్టాలి. పొట్టు తీశాక కడగొద్దు, పొగ వాసన పోతుంది. వేయించిన పచ్చిమిర్చి, జీలకర్ర, ఎల్లిపాయ, చింతపండు, ఉప్పు ముందు రోట్లో నూరి, వంకాయను చివర వేసి నాలుగు పోట్లు వేస్తే చాలు. పైన పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు కలిపి, రొట్టె వేడి మీదే తినాలి.