ఉసిళ్ల వేపుడు

తొలకరి వాన వెలిసిన సాయంత్రం అరసవల్లిలో దీపం పెట్టిన చోటల్లా ఉసిళ్లు ముసురుతాయి. చాలా ఇళ్లలో లైట్లు ఆర్పి తలుపులు వేసుకుంటారు. తెల్లారాక రెక్కలు ఊడ్చి పారేస్తారు. మంచి తిండి అలా చీపురు పాలవుతుంది.

ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదపురుగులే. నేల తడిసి మెత్తబడగానే పుట్ట వదిలి, జంట కట్టి, కొత్త పుట్టకు పునాది వేయడానికి బయల్దేరతాయి. మొదటి పిల్లలు పనికి ఎదిగేదాకా ఆ జంట ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే నెట్టుకురావాలి. వేపుడుకు రుచి ఆ కొవ్వు వల్లే.

పట్టడం తేలికే. దీపం కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి పెడితే వాటంతట అవే వచ్చి పడతాయి. రెక్కలు తడిస్తే ఇక లేవలేవు. అసలు పనితనమంతా పొయ్యి దగ్గరే. నీళ్లు వార్చి, మూకుట్లో సన్నని సెగ మీద కలుపుతూ వేయించాలి. నూనె అక్కర్లేదు, వాటి కొవ్వే కరిగి చాలుతుంది. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చి మిగులుతుంది. గలగలమన్నాక దించి, చేటలో చెరిగితే రెక్కలు ఎగిరిపోతాయి. ఆపైన ఉప్పు, కారం. వేయించిన బియ్యంతోనో మరమరాలతోనో కలిపితే పిల్లలు గుప్పిళ్లతో తింటారు. ఆంధ్ర పల్లెల్లో, తూర్పు కనుమల గూడేల్లో పెద్దవాళ్లకు ఇది తెలిసిన వంటే.

పురుగులు తినడమేమిటని మొహం చిట్లించేవారు మన ఉత్తరాంధ్ర తీరంలో రొయ్యపొట్టు లేకుండా వంకాయ వండరు. రొయ్యా, ఉసిలీ కీళ్లకాళ్ల జీవులే, దూరపు చుట్టాలు. 2021లో అమెరికాలో పదిహేడేళ్లు నేలలో గడిపిన సికాడా పురుగులు కోట్లకొద్దీ పైకొచ్చినప్పుడు అక్కడ కొందరు వాటిని వేయించుకు తిన్నారు. రొయ్యలూ పీతలూ పడనివారు మాత్రం తినొద్దని అక్కడి ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. ఉసిళ్ల విషయంలోనూ ఆ జాగ్రత్త పాటించాలి.

ప్రపంచంలో దాదాపు 200 కోట్ల మంది తిండిలో పురుగులున్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో లెక్కగట్టింది. పక్కనున్న ఒడిశాలో మయూర్‌భంజ్ ఎర్రచీమల కాయి చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. గిరిజనుల రోటి పచ్చడికి అది న్యాయంగా దక్కిన గౌరవం. ఉసిళ్ల వేపుడునూ మన వంట పుస్తకాల్లో సెగతో, కొలతలతో సహా రాసి పెట్టాలి. చెదల మందు కొట్టిన ఇళ్ల దగ్గర పట్టకూడదనీ, పట్టిన రాత్రే వేయించకపోతే పాడవుతాయనీ అందులో తప్పక చేర్చాలి.