పాత కారు – క్రొత్త ఇంజను : ఒక విమర్శ

హైదరాబాదు పాతబస్తీలో చూడదగిన కార్ల ప్రదర్శనలు రెండు కలవు. ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్రాసాదమునందు 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ‘సిల్వర్ ఘోస్ట్’ నిలిచియున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొరకు దానిని తయారుచేయ నియమించిరి. 1911లో ఆయన మరణించుటచే అది ఏడవ నిజాము వశమయ్యెను. ఇక బహదూరుపురాలో 2010లో తెరచిన సుధా కార్ల మ్యూజియమున సుధాకర్ యాదవ్ చేసిన వంకాయ కారు, క్రికెట్ బ్యాటు కారు మున్నగునవి ఉన్నవి. మొదటిచోట యంత్రమును ఉన్నదున్నట్లు కాపాడుటయే ప్రధానము. రెండవచోట ఆకారమే ప్రధానము. దానిని నడిపింపగల ఇంజను దొరికిన చాలును.

ఈ రెండింటికి నడుమ మూడవ రకము ఒకటున్నది. అది ప్రదర్శనశాలలో గాక వీధిలో తిరుగుచుండును. పైకి చిన్న ఫియట్ 1100. మూత ఎత్తి చూచిన లోపల నిన్నమొన్నటి ఇంజను. ఇట్టి మార్పును మెచ్చుకొనువారు పెక్కురు. ఆ మెప్పు ఎంతవరకు న్యాయమో విచారింతము.

మొదట వారి పక్షము వినవలెను. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారము తయారుచేసిన ఈ ఫియట్‌కు, దాని తరువాతి రూపమైన పద్మినికి, ఇంజను పరిమాణము 1089 ఘన సెంటీమీటర్లు. శక్తి సుమారు 40 అశ్వబలములు. మారుతీ జిప్సీకి తరువాతి కాలమున అమర్చిన 1298 ఘన సెంటీమీటర్ల ఇంజను 80 అశ్వబలముల నిచ్చును. సిల్వర్ ఘోస్ట్ ఇంజను 7428 ఘన సెంటీమీటర్లదైనను దాని శక్తి 50 అశ్వబలముల ప్రాంతమే! పెట్రోలు, గాలి పాళ్లను సరిగా కుదిర్చి, నిప్పురవ్వను సరియైన క్షణమున పుట్టించి, ఇంజనును ఎక్కువ చుట్లు తిప్పగలుగుటయే ఈ ప్రగతికి మూలము. కనుక క్రొత్త ఇంజనుపై ఆశ అసహజము కాదు.

కర్మాగారములు సైతము ఈ పని చేసినవి. 1985లో ప్రీమియర్ వారు ఫియట్ 124 శరీరమున నిస్సాన్ ఇంజను నుంచి ‘118 ఎన్.ఇ.’ అని అమ్మిరి. 1990ల దశకమున అంబాసిడర్‌కు ఇసుజు ఇంజను వచ్చెను. అయితే అక్కడ ఇంజను ఒంటరిగా రాలేదు. దానికి తగిన గేరుపెట్టె వెంట వచ్చినది. మెచ్చుకొనువారు మరచునది ఈ సంగతినే.

కారు ఇంజనుకు చుట్టిన రేకుల పెట్టె కాదు. ఒక భాగపు బలమును బట్టి మరియొక భాగమును లెక్కించి కూర్చిన సముదాయము. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు 70కి పెరిగినచో, వేగము అయిదింట రెండు వంతులే పెరిగినది. కాని గతిశక్తి వేగవర్గమును అనుసరించును గనుక ఇంచుమించు రెట్టింపగును. ఆ శక్తినంతటిని బ్రేకులు వేడిగా మార్చి పారద్రోలవలెను. పాత ఫియట్‌కు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము వేడెక్కినపుడు వ్యాకోచించి బ్రేకు పట్టీకి దూరమగును. పట్టీ పట్టు కూడ సడలును. రెండవసారి, మూడవసారి త్రొక్కినపుడు పెడలు లోతుగా దిగునేగాని బండి ఆగదు.

రేడియేటరు సంగతియు ఇట్టిదే. పెట్రోలులోని శక్తిలో పని క్రింద మారునది సుమారు నాలుగవ వంతు మాత్రమే. మిగిలినది పొగగొట్టము, రేడియేటరుల ద్వారా వేడిగా పోవలెను. మదీనా కూడలి రద్దీలో కదలక నిలిచిన కారుకు ఎదురుగాలి ఎక్కడిది? పాత డైనమో సైతము ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు విద్యుత్తు చాలినంత ఇయ్యజాలదు. క్రొత్త ఇంజనుకు ఇంధనపు పంపు, దానిని శాసించు కంప్యూటరు విద్యుత్తు లేనిదే పనిచేయవు.

అసలు ఇంజను మార్చవలసిన అవసరమే చాలచోట్ల ఉండదు. సీసము కలిపిన పెట్రోలును మన దేశమున 2000లో నిలిపివేసిరి. ఆ సీసము పాత ఇంజనులలో వాల్వులు ఆనుచోటును అరిగిపోకుండ కాపాడెడిది. దీనికి విరుగుడు గట్టి లోహపు వాల్వు సీట్లు. క్రొత్త ఇంజను కాదు. 2023 నుండి వచ్చుచున్న 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టములను చెరచును. దానికి తగిన గొట్టములు, కార్బురేటరు సవరణ కావలెను. తలనొప్పికి తల మార్చుకొనము గదా!

చట్టము మాట. తయారీదారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రమున వ్రాయించిన వివరములు మారునట్లు వాహనమును మార్పరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2021 నాటి నిబంధనల ప్రకారము, 50 ఏండ్లు దాటి, చట్రము, శరీరము, ఇంజనులలో పెద్ద మార్పు పొందని వాహనమే ‘వింటేజి’ అనిపించుకొనును. ఈ నిబంధన ఉద్దేశము మంచిదే. ఇంజను ఆనాటి లోహశాస్త్రమునకు, పనితనమునకు సాక్ష్యము. కాని చట్రమును కోసి, అతికి చేసిన మార్పును, మరల యథాస్థితికి తేదగిన మార్పును ఒకే గాటకట్టుట సమంజసముగా తోచదు. మొదటిది సాక్ష్యమును చెరచును; రెండవది దానిని ప్రక్కన పెట్టును, అంతే.

కావున ఇంజను మార్పదలచినవారు ముందుగా రిజిస్టరింగు అధికారిని అడుగవలెను. పిదప మేస్త్రీని నాలుగు ప్రశ్నలు అడుగవలెను: బ్రేకులు ఏవి? గేరుపెట్టె ఏది? వేడి ఎట్లు పోవును? చట్రమున ఎక్కడ కోయుదువు? వీనికి సరియైన జవాబు రానిచో తాళపుచెవి జేబులోనే ఉంచుకొనుట మేలు. తీసిన ఇంజనును తుక్కు క్రింద అమ్మక, నూనె పూసి, దాని నంబరుతో భద్రపరుపవలెను. వేగమును చూచి మురియుటకు ముందు, వెనుక సీటులో కూర్చుండువారిని తలచుకొనవలెను.