మంగళవారం రద్దీ ఉండదు

మా అక్క కొడుకు బెంగళూరులో ఉంటాడు. తిరుమల విషయంలో వాడికొక సిద్ధాంతం ఉంది: మంగళవారం రద్దీ ఉండదు. శనివారం స్వామివారి రోజు, శుక్రవారం అభిషేకం, ఆదివారం అందరికీ సెలవు, ఆదివారం మిగిలిపోయినవాళ్లతో సోమవారం నిండుతుంది. మిగిలినవాటిలో వాడు పట్టుకున్నది మంగళవారం. పదేళ్లుగా వాడు ఈ లెక్క మీదే వస్తున్నాడు. నాకు తెలిసి నాలుగైదుసార్లు లెక్క కుదిరింది కూడా.

కిందటి నెల కుదరలేదు. పొద్దున్నే మా ఇంట్లో ఇడ్లీ తింటూ పేపర్లో జిల్లా పేజీ తిప్పాడు. తిరుపతిలో ఉండేవాళ్లం ఆ పేజీలో మొదట చూసేది ఒక చిన్న బాక్సు. నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారు, ఎందరు తలనీలాలు ఇచ్చారు, హుండీ ఎన్ని కోట్లు, టోకెన్లు లేని సర్వదర్శనానికి ఎన్ని గంటలు. ఆ రోజు ఎనిమిది గంటలని ఉంది. 'చూసినావా మామా' అన్నట్టు నా వైపొక చూపు విసిరి, పెళ్లాం పిల్లతో కొండెక్కాడు. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"31 కంపార్ట్‌మెంట్లూ నిండిపొయినాయి మామా. బయట క్యూ శిలాతోరణం కాడికి ఉండాది. పేపరోళ్లు అబద్ధం రాసినారు."

అయ్యో పాపం అనాల్సిన చోటు అది. కానీ ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు లెక్కలూ తర్కమూ చెప్పి రిటైరైన మనిషికి కొన్ని జబ్బులు మిగిలిపోతాయి. వాడి మాటలో నాకు క్యూ వినపడలేదు. తర్కశాస్త్రంలో నలభై ఏళ్లుగా నలుగుతున్న పంచాయితీ వినపడింది.

వాడి బుర్రలో ఉన్నవి ఇవి. పేపర్లో గంటలు కూడా తక్కువుంటే మంగళవారం రద్దీ ఉండదు. ఇవాళ మంగళవారం. పేపర్లో వచ్చిన గంటలు నమ్మొచ్చు. వీటికి ఎదురుగా, కళ్లముందు క్యూ. అన్నీ ఒకే కొంపలో కాపురం చెయ్యలేవు, ఏదో ఒకటి బయటికి పోవాలి. ఏది పోవాలో మాత్రం తర్కం చెప్పదు. వైరుధ్యం వచ్చిందని గంట కొట్టి ఊరుకుంటుంది. మావాడు పేపర్ని బయటికి గెంటాడు. మంగళవారాన్ని ముట్టుకోలేదు.

ఈ గెంటడం గురించి 1985లో జర్నల్ ఆఫ్ సింబాలిక్ లాజిక్‌లో ముగ్గురు కలిసి ఒక వ్యాసం రాశారు. కార్లోస్ ఆల్చురోన్ అర్జెంటీనాలో న్యాయశాస్త్రం చదివినవాడు, పీటర్ గార్డెన్‌ఫోర్స్ స్వీడన్ తత్వవేత్త, డేవిడ్ మకిన్సన్ ఆస్ట్రేలియాలో పుట్టిన తార్కికుడు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి దాన్ని ఏజీఎం సిద్ధాంతం అంటారు. నమ్మకాలతో మనం చేసేవి మూడు పనులని వాళ్ల లెక్క: చేర్చడం, తీసెయ్యడం, దిద్దడం. చేర్చడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. తీసెయ్యడం దగ్గరే అసలు చిక్కు. ఆల్చురోన్‌కు ఆ చిక్కు చట్టాల్లో ఎదురైంది. ఒక చట్టాన్ని రద్దు చేశామంటాం. మిగిలిన రెండు చట్టాలు పక్కపక్కన పెట్టి చదివితే రద్దయిన హక్కే మళ్లీ మొలుస్తుంది. అప్పుడు ఆ రెంటిలో ఏది పీకాలి? జీవోల మీద జీవోలు చూసిన మన ఉద్యోగులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

దిద్దడానికి ఐజాక్ లెవీ అనే అమెరికా తత్వవేత్త చెప్పిన దారి ఉంది. కొత్త మాటకు అడ్డొచ్చేదాన్ని ముందు తీసెయ్యి, తర్వాత కొత్తదాన్ని చేర్చు. తీసేది ఎంత తక్కువైతే అంత మంచిది. ఇల్లు కారితే పెంకు మారుస్తాం గానీ ఇల్లు పడగొట్టం కదా. ఏ పెంకు అన్నదానికి 1988లో గార్డెన్‌ఫోర్స్, మకిన్సన్ ఇంకో మాట చెప్పారు: ఏ నమ్మకం ఎంత లోతుగా పాతుకుపోయిందో దాన్నిబట్టి వరస వేసుకో, పైపైన ఉన్నది ముందు పోతుంది. మావాడు ఈ సూత్రాన్ని అక్షరాలా పాటించాడు. మంగళవారం పదేళ్ల వేరు, పేపరు ఆ పూట మొలక. సిద్ధాంతం ప్రకారం వాడు హేతుబద్ధుడే! ఆ సంగతి వాడికి ఇంతవరకు చెప్పలేదు.

అయితే పేపరు నిజంగా అబద్ధం రాసిందా? ఆ బాక్సులోది నిన్న రాత్రి లెక్క. సోమవారం సెలవు పడింది. అంతకు ముందు శని, ఆదివారాలు. మూడు రోజులు చుట్టి వచ్చిన జనం తెల్లవారేలోగా కొండెక్కేశారు. రాసినప్పుడు అది నిజమే, చదివేసరికి లోకం మారింది. 1991లో హిరోఫుమి కట్సునో, ఆల్బెర్టో మెండెల్సన్ అనే ఇద్దరు సరిగ్గా ఈ తేడా మీదే వేలుపెట్టారు. లోకం అలాగే ఉండి నా సమాచారం తప్పని తేలితే చేసే మార్పు ఒకటి, సమాచారం ఒప్పే అయి లోకం మారితే చేసే మార్పు ఇంకొకటి. రెంటికీ నియమాలు వేరు. మనం రెంటినీ కలిపేసి ఎవరినో ఒకరిని అబద్ధాలకోరును చేస్తాం. మన ఇళ్లల్లో సగం తగాదాలు ఇక్కడే పుడతాయని నా అనుమానం. "అప్పుడట్లా చెప్పినావు, ఇప్పుడిట్లా చెప్తావేం" అనే మాటకు, అప్పుడు అది నిజమే కాబట్టి అనే జవాబు ఎవరికీ తోచదు.

నెలకోసారి అలిపిరి మెట్లెక్కడం నాకు అలవాటు. తోడుగా ఒక మిత్రుడు వస్తాడు, మా ఊరి సంస్కృత విద్యాపీఠంలో మీమాంస చదువుకున్న మనిషి. 1961లో మొదలైన ఆ విద్యాపీఠం 2020 నుంచి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం. 3,550 మెట్లలో మా వాదన ఎక్కడ మొదలైనా మోకాళ్ల పర్వతం దగ్గర తీర్పు కావాలి, ఆపైన మాట్లాడే ఊపిరి ఉండదు. ఏజీఎం సంగతి చెప్తే ఆయన నవ్వాడు.

"కొత్తమాట ఎప్పుడూ గెలుస్తుందంటున్నారు వాళ్లు, అంతేనా సార్? అయితే అది అపచ్ఛేదం."

అంతే. ఏజీఎం నియమాల్లో ఒకటి ఖచ్చితంగా అదే చెప్తుంది, వచ్చిన సమాచారానికి పెద్దపీట వెయ్యాలని. అపచ్ఛేద న్యాయం కథ ఇది. సోమయాగంలో పొద్దుటి సవనంలో ఋత్విక్కులు ఒకరి వెనక ఒకరు, ముందున్నవాడి బట్ట పట్టుకుని వరసగా నడవాలి. ఉద్గాత చెయ్యి జారవిడిస్తే యాగాన్ని దక్షిణ లేకుండా ముగించి మళ్లీ చెయ్యాలి. ప్రతిహర్త జారవిడిస్తే యజమాని ఉన్నదంతా దక్షిణగా ఇచ్చెయ్యాలి. ఒకరి తర్వాత ఒకరు ఇద్దరూ జారవిడిస్తే? దక్షిణే వద్దనే విధీ, సర్వస్వం ఇమ్మనే విధీ పొసగవు. మీమాంసా సూత్రకారుడు జైమిని ఆరో అధ్యాయంలో తీర్పు చెప్పాడు: ముందుది బలహీనం, వెనకది నిలుస్తుంది. మీమాంసకులు చెప్పే కారణం ఇంకా బాగుంటుంది. మొదటి జ్ఞానం పుట్టినప్పుడు రెండోది ఇంకా పుట్టలేదు, కాబట్టి దాన్ని కాదనే అవకాశం మొదటిదానికి లేదు. రెండోది మాత్రం మొదటిదాన్ని కాదంటేనే పుడుతుంది.

"కానీ అన్నిచోట్లా కాదు" అన్నాడాయన, గాలిగోపురం దాటాక. వెనకమాట ముందుమాట మీద ఆధారపడి పుట్టిందనుకోండి, అప్పుడు మొదటిదే బలం. దాన్ని ఉపక్రమ న్యాయం అంటారు. బ్రహ్మం నిర్గుణమనే వాక్యాలు సగుణమనే వాక్యాలను తోసిపుచ్చుతాయని చెప్పడానికి అద్వైతులు అపచ్ఛేదాన్ని తెచ్చారు. రామానుజ సంప్రదాయం వారు ఇక్కడ అది చెల్లదన్నారు. కొండమీద నడుస్తున్నది ఎవరి సంప్రదాయమో వేరే చెప్పాలా! కొత్తది వచ్చిందా అని మాత్రమే చూడకుండా, ఆ కొత్తది పాతదాని భుజం మీద నిలబడి ఉందా అని కూడా అడగాలన్నమాట. పడమటి తార్కికుల్లోనూ కొందరు 1990లలో ఈ వైపుకు వచ్చారు, కొత్త సమాచారాన్ని గుమ్మంలో ఆపి ఊరూపేరూ అడిగే పద్ధతులు కట్టారు. రెండు వైపులా చదివిన నాకు మీమాంసకుల లెక్కే మెరుగనిపిస్తుంది. వాళ్లు గెలుపు ఎవరిదని చెప్పి ఊరుకోలేదు, ఎప్పుడు ఎవరిదో చెప్పారు.

నా సొంత తప్పొకటి ఇక్కడ ఒప్పుకోవాలి. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు బెంగాలీ అని ఏళ్లపాటు క్లాసులో చెప్పాను. ఎక్కడా చదివింది కాదు. నవ్యన్యాయం అంటే మిథిల, నవద్వీపం అని మనసులో ఉంది, తర్కసంగ్రహంలో నవ్యన్యాయం ఉంది, కాబట్టి ఈయనా అక్కడివాడే అని నాకు తెలియకుండానే లెక్క తేల్చేసుకున్నాను. ఆయన తెలుగువాడనీ, తండ్రి పేరు తిరుమలాచార్యులనీ ఒక కుర్రాడు పుస్తకం తెచ్చి చూపించాడు. తిరుపతిలో కూర్చుని తిరుమలాచార్యుల కొడుకును బెంగాలుకు పంపేశాను! బెంగాలీ అన్న ఒక్క మాట కొట్టేస్తే సరిపోయేదే. కానీ దాన్ని పుట్టించిన మాట లోపల అలాగే ఉంటే రేపు ఇంకొకరిని పంపిస్తుంది.

ఈ భేదాన్ని స్వీడన్‌కే చెందిన స్వెన్ ఓవె హాన్సన్ పట్టుకున్నాడు. ఏజీఎం మనిషికి నమ్మకాలన్నీ ఒక్క రాశి, వాటి నుంచి తేలే ఫలితాలన్నీ అందులోనే ఉంటాయి. మన బుర్ర అట్లా ఉండదనీ, మూలంగా నమ్మినవి వేరు, వాటి నుంచి తేల్చుకున్నవి వేరనీ హాన్సన్ వాదం. అన్నంభట్టు దెబ్బ తర్వాత నేనొక నోటుపుస్తకం పెట్టాను. ఎడమవైపు నమ్మకం, కుడివైపు ఎందుకు. కుడివైపు ఖాళీగా ఉన్నవే ఎక్కువ.

అన్నంభట్టు చెప్పిన హేత్వాభాసాల్లో, అంటే హేతుదోషాల్లో, సత్ప్రతిపక్షం నాకు ప్రాణం. ఒక అనుమానానికి, అంటే హేతువు చూపి తేల్చిన మాటకు, ఎదురుగా అంతే బలమున్న ఇంకో అనుమానం నిలబడితే రెండూ ఆగిపోతాయి, ఏదీ తేలదు. తేలకుండా ఉండటానికి కూడా శాస్త్రం చోటిచ్చింది. 2021 శ్రీరామనవమి నాడు దేవస్థానం వారు హనుమంతుడి జన్మస్థలం మన అంజనాద్రేనని ప్రకటించారు, హంపి దగ్గరి అంజనాద్రి వాళ్లు కాదన్నారు. నన్నెవరైనా అడిగితే సత్ప్రతిపక్షం అని తప్పించుకుంటాను. మా ఆవిడ దీన్ని పిరికితనం అంటుంది.

ఈ సిద్ధాంతాలన్నిటికీ ఒక గుడ్డి మూల ఉంది. సమాచారం దానంతటదే వచ్చి తలుపు కొడుతుందని అనుకుంటాయి. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన ఎ.డి. క్యాంప్‌బెల్, తిరుమల గుడిలో వేల రాగిరేకుల మీద చెక్కిన గ్రంథాలున్నాయని విని మనిషిని పంపాడు. ఒక వ్యాకరణ గ్రంథం దొరికితే నకలు తీయించుకున్నాడు. మిగతావి ఉత్త స్తోత్రాలని తన పీఠికలో ఒక్క వాక్యంతో తేల్చేశాడు. ఆ ఉత్త స్తోత్రాలు అన్నమయ్య కుటుంబం వారి సంకీర్తనలు. క్యాంప్‌బెల్ నమ్మకాల్లో వైరుధ్యం ఏమీ లేదు, ఏజీఎం నియమాలు ఎనిమిదీ పెట్టి చూసినా తప్పు దొరకదు. వెతికింది వ్యాకరణం, దొరికింది వ్యాకరణం. ఆ పాటలు అచ్చులోకి రావడానికి తెలుగువాళ్లు ఇంకో నూరేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది.

మకిన్సన్ ఏజీఎంకు ఇరవై ఏళ్ల ముందే, 1965లో, ఇంకో చిక్కు చెప్పాడు. రచయిత తన పుస్తకంలోని ప్రతి వాక్యాన్నీ నమ్ముతాడు. ముందుమాటలో మాత్రం తప్పులుంటాయి మన్నించండి అంటాడు, దాన్నీ నమ్ముతాడు. రెండూ కలిపితే వైరుధ్యం, కానీ ఆ మనిషిలో తెలివితక్కువ ఏముంది? మన రచయితలైతే ముద్రారాక్షసాలంటూ తప్పును ప్రెస్సు మీదికి తోసేస్తారు. నాకా సౌకర్యం లేదు. ఈ కాలమ్‌లో ప్రతి వాక్యం నమ్మే రాశాను, ఎక్కడో ఒక తప్పుందనీ నమ్ముతున్నాను. దొరికితే ఉత్తరం రాయండి. తప్పని మాత్రం రాసి వదిలెయ్యకండి, అది ఎక్కడి నుంచి పుట్టిందో తోస్తే అది కూడా రాయండి. కుడివైపు నింపుకుంటాను.

మా మేనల్లుడికి పంతొమ్మిది గంటలకు దర్శనమైంది. లడ్డూలు మా ఇంట్లో పెట్టి, పేపర్ని ఇంకో రెండు తిట్లు తిట్టి బెంగళూరు బస్సెక్కాడు. మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి మూడొందల రూపాయల టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసేసుకున్నాడట. అదీ మంగళవారానికే.