జాబితా అంతటికీ ఒకే సంబంధం

ప్రోలాగ్ వంటి తర్కాధారిత భాషల్లో ప్రోగ్రామ్ అంటే కంప్యూటర్ చేయవలసిన పనుల వరుస కాదు, వస్తువుల మధ్య ఉన్న సంబంధాల ప్రకటన. అటువంటి సంబంధాన్నే ప్రెడికేట్ అంటారు. మరొక ప్రెడికేట్‌ను తనలోకి తీసుకునేది ఉన్నత శ్రేణి ప్రెడికేట్ కాగా, వాటిలో బాగా వాడుకలో ఉన్నది, జాబితాలోని ఒక్కొక్క అంశానికీ దాన్ని వర్తింపజేసే మ్యాప్‌లిస్ట్.

ఉదాహరణకు, 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినప్పుడు బచ్చన్నపేట మండలం వరంగల్ నుంచి కొత్తగా ఏర్పడిన జనగామ జిల్లాలోకి వచ్చింది. ఆ మండలంలోని మూడు గ్రామాల వివరాలను "జిల్లా(జనగామ, కొన్నె)" అన్న రూపంలో వాస్తవాలుగా రాసి పెట్టుకుంటే, "మ్యాప్‌లిస్ట్(జిల్లా(జనగామ), [కొన్నె, కట్కూరు, పోచన్నపేట])" అన్న ఒక్క ప్రశ్న మూడు గ్రామాలనూ సరిచూస్తుంది. ఇక్కడ సగం నింపిన "జిల్లా(జనగామ)"కు చివరి స్థానంలో గ్రామం పేరు తానుగా వచ్చి చేరుతుంది. ఒక్క గ్రామానికి వాస్తవం లేకపోయినా ప్రశ్న మొత్తం విఫలమవుతుంది, ఏ గ్రామం వల్ల విఫలమైందో మాత్రం చెప్పదు. అది తెలియాలంటే పొసగని అంశాలను ఏరి ఇచ్చే ఎక్స్‌క్లూడ్ అనే ప్రెడికేట్‌ను ఆశ్రయించాలి.

అయితే మ్యాప్‌లిస్ట్ అసలు గొప్పతనం సరిచూడటంలో లేదు. గ్రామాల పేర్లకు బదులు రెండు ఖాళీ చరరాశులున్న జాబితాను ఇస్తే, అదే ప్రశ్న ఎదురు దిశలో నడిచి, మూడు వాస్తవాల నుంచి తొమ్మిది జవాబులను, కొన్నె-కొన్నె జంటతో సహా, ఒకదాని తరువాత ఒకటిగా ఇస్తుంది. ప్రమేయాలను జాబితాకు వర్తింపజేసే ఇతర భాషల మ్యాప్‌కు ఈ శక్తి లేదు, ఎందుకంటే ప్రమేయానికి దిశ ఉంటుంది, సంబంధానికి ఉండదు.

1972లో మార్సెయిల్‌లో అలెన్ కోల్మెరోర్ బృందం రూపొందించిన ప్రోలాగ్‌కు ఇటువంటి ఉన్నత శ్రేణి విస్తరణలు అవసరమా అని ప్రోలాగ్ పరిశోధకుడు డేవిడ్ వారెన్ 1982లో ప్రశ్నించి, అవి సౌకర్యాన్నే తప్ప కొత్త శక్తిని చేర్చవని వాదించాడు. తర్కం దృష్ట్యా ఆ వాదం సరైనదే. కానీ ప్రతి జాబితాకూ ఖాళీ జాబితా నియమాన్నీ, జాబితాను మొదటి అంశం, మిగిలినవిగా విడదీసే తల-తోక నియమాన్నీ మళ్లీ మళ్లీ రాయడంలోనే పొరపాట్లు దొర్లుతాయి, చదివేవారికి ఉద్దేశం మరుగున పడుతుంది. ఆ సౌకర్యాన్ని తక్కువగా చూడటం తగదు. మ్యాప్‌లిస్ట్‌కు ఆధారమైన, సగం నింపిన ప్రెడికేట్‌ను పిలిచే కాల్ సదుపాయం 1995 నాటి ఐఎస్‌ఓ ప్రమాణంలో లేదు, 2012 సవరణతోనే అందులో చేరింది. ఆ సదుపాయం అంశాన్ని చివరి స్థానంలోనే చేరుస్తుంది కాబట్టి ప్రెడికేట్లు రాసేవారు జాబితా నుంచి వచ్చే అంశానికి చివరి స్థానాన్ని మొదటి నుంచీ కేటాయించుకోవాలి.