ఆ గడి మీరే నింపించండి

విదేశీ చదువుల ఫీజులు కట్టే రోజులివి. ఈ వారం నా చికాకంతా ఫారం ఎ2 మీదే. పిల్లలకు డబ్బు పంపేటప్పుడు సంతకం పెట్టే ఆ కాగితంలో పర్పస్ కోడ్ అనే గడి ఉంటుంది. దాన్ని బ్యాంకు వాళ్లు వేసుకుంటారులే అని వదిలేసేవాళ్లే ఎక్కువ. దేశం దాటి వెళ్లే, దేశంలోకి వచ్చే సొమ్ముకు రిజర్వు బ్యాంకు పెట్టిన గుర్తు అది. వచ్చే సొమ్ముకు పి, వెళ్లే సొమ్ముకు ఎస్. తర్వాతి రెండంకెలు పద్దు, చివరి రెండూ అసలు పని. గల్ఫ్ నుంచి ఇంటి ఖర్చుకు వచ్చేది పి1301. నాందేడ్ హజూర్ సాహిబ్ లాంటి ధార్మిక సంస్థకు విరాళంగా వచ్చేది పి1303. ఇన్ని కోడ్‌లు మామూలు మనిషికెందుకు, లెక్కలు కట్టేవాళ్లు చూసుకోరా అనిపించడం సహజం.

కానీ 2025-26 నిబంధనలతో ఒక లెక్క వేద్దాం. అప్పు తేకుండా సొంత డబ్బు 15 లక్షలు ఆ ఏడాదిలో పంపితే, 10 లక్షలు దాటిన 5 లక్షల మీద టీసీఎస్, అంటే బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను, పడుతుంది. చదువు కింద ఎస్0305 వేస్తే 5 శాతం, అంటే 25,000. అదే సొమ్ముకు కుటుంబ పోషణ కింద ఎస్1301 వేస్తే 20 శాతం, అంటే లక్ష. చదువుకు అవసరమైన రోజువారీ ఖర్చులూ చదువు కిందికే వస్తాయని ఆదాయపు పన్ను శాఖ 2023లోనే స్పష్టం చేసింది. రిటర్నులో సర్దుకోవచ్చు కదా అంటారు. నిజమే, కానీ అందాకా ఆ 75,000 ఇరుక్కుపోతుంది. ఫీజు గడువు మాత్రం ఆగదు. కోడ్‌లన్నీ కలిపి ఒకటి చేస్తే పోదా అంటే, అప్పుడు చదువుకు ఉన్న రాయితీని వేరు చేసి చూపే ఆధారమే ఉండదు. అందుకే కోడ్‌లు ఉండాలి, ఇంత వివరంగానే ఉండాలి.

మారాల్సింది ఫారం. జనం మాటలో లేని ఫారం మీద ఈ కాలమ్ పోరు పాతదే. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఈ నాందేడ్ జిల్లాలో, దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు తెలుగు ఇళ్లకు కొదవలేదు. కోడ్ పక్కనే దాని అర్థం మరాఠీలో, తెలుగులో అచ్చేయాలి. ఇవి బ్యాంకు ఉద్యోగికే తెలుస్తాయనే వాదన సగమే నిజం. అంకె ఆయనకు తెలుసు, డబ్బు ఎందుకు పంపుతున్నామో మనకు తెలుసు. పైగా కింద సంతకం మనది. కాబట్టి పని ఏమిటో చెప్పి కోడ్ వేయించండి, రసీదులో అదే ఉందో లేదో చూసుకున్నాకే కౌంటరు వదలండి.