బానెట్ ఎత్తకముందే

విజయవాడ ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మెకానిక్ పాత కారు చూడ్డానికొస్తే ముందు బానెట్ ఎత్తడు. రాత్రంతా చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేయించి సైలెన్సర్ దగ్గర నిలబడతాడు. నీలం పొగ వస్తే ఇంజనాయిల్ కాలుతోంది. నల్లపొగైతే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. చలికి కాసేపు వచ్చే ఆవిరి సంగతి వేరు, తెల్లపొగ ఆగకుండా వస్తుంటే మాత్రం మొహం మారిపోతుంది. డిప్‌స్టిక్ లాగి చూస్తాడు. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు అందులోకి దిగాయన్నమాటే. ఇక బేరం అనవసరం.

నాకు ముచ్చటేసేది మిస్సింగ్ పట్టే తీరు. పాత మారుతి 800కి ఉన్నవే 3 సిలిండర్లు. ఒకటి మొరాయిస్తే బండంతా వణుకుతుంది. ఇంజన్ నడుస్తుండగానే, షాక్ కొట్టని పట్టకారుతో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే ఊడదీస్తాడు. తీయగానే ఇంజన్ తడబడిందా, ఆ సిలిండర్ బాగున్నట్టే. తీసినా తేడా లేకపోతే దొంగ దొరికాడు. అయినా కొత్త ప్లగ్ కొనమనడు. ఆ ప్లగ్గును పక్క సిలిండర్‌కు, పక్కదాన్ని ఇక్కడికి మారుస్తాడు. జబ్బు కూడా వెంట వెళితే తప్పు ప్లగ్గుది. వెళ్లకపోతే వైరో, కంప్రెషనో చూడాలి. ఖర్చు? పది నిమిషాలు.

స్కానర్ పట్టుకున్న కుర్రాళ్లను తక్కువ చేయను, కొత్త బళ్లకు అది లేనిదే పని జరగదు. కానీ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమనే డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్‌కు అందులో కోడే ఉండదు.